గుట్ట వెనక సైకిల్

"పచ్చడి పల్చన చెయ్యకే, కాశీవిశ్వనాథం గారికి గట్టిగా ఉండాలి" అన్నాడు సుబ్రహ్మణ్యం దుప్పటి లోపల్నించే. కళ్ళు తెరవకుండా, కాలు కదపకుండా సంసారం మొత్తం నడిపించగల మగాడు కృష్ణానగర్ అంతా వెతికినా తన మొగుడొక్కడే ఉంటాడని అమ్మాజీ నమ్మకం. ఇడ్లీపాత్ర మూత తీసింది. లేచిన ఆవిరికి ఆ ఒంటిగది పోర్షన్ మేఘాల్లో తేలినట్టయింది. ఆ మేఘాల్లోంచి అత్తగారు జగదాంబ దగ్గుతూ, "ఆ పొగేంటే, నన్ను కూడా ఉడకబెడతావా?" అంది.

ఆ ఇడ్లీలు ఇంట్లోవాళ్ళకి కాదు. సుబ్రహ్మణ్యం సినిమా కంపెనీలో ప్రొడక్షన్ అసిస్టెంటు. షూటింగుకి కుర్చీల దగ్గర్నించి లొకేషన్ల దాకా సమకూర్చే పని. నిర్మాత కాశీవిశ్వనాథం గారికి కడుపులో పుండు, హోటల్ తిండి పడదు. "మా ఆవిడ చేసే ఇడ్లీ దూదండీ" అని ఓసారి సుబ్రహ్మణ్యం నోరు జారాడు. ఆ ఒక్క మాటతో ఆయన ఉద్యోగం గట్టిపడింది, ఈవిడ తెల్లవారుజాము నిద్ర ఎగిరిపోయింది.

అవి ఎనభైల ఆఖరు రోజులు. జూబ్లీహిల్స్‌లో అప్పటికింకా ఇళ్ళకంటే బండలే ఎక్కువ. కార్తీకం వచ్చిందంటే చలి ఎట్లా ఉండేదంటే, నోరు తెరిస్తే చలి లోపలికి దూరుతుందని కుక్కలు మొరగడం మానేసి తోకతోనే తిట్టుకునేవి. ఆ చలిలో సుబ్రహ్మణ్యం మఫ్లర్ చుట్టుకుని స్కూటరెక్కి ముందే వెళ్ళిపోయేవాడు. ఇడ్లీ మాత్రం వేడివేడిగా వెనకాల రావాలి. తెచ్చేది అమ్మాజీ. స్కూటర్ వచ్చాక మూలపడ్డ ఆయన పాత సైకిల్ మీద, మధ్యలో కడ్డీ ఉన్న మగవాళ్ళ సైకిల్ మీద, చీర కుచ్చిళ్ళు ఎత్తి వెనక్కి దోపుకుని, హ్యాండిల్‌కి క్యారియర్ తగిలించుకుని. రేపల్లె దగ్గర వాళ్ళ నాన్న రైసుమిల్లులో చిన్నప్పుడు కడ్డీ కింద కాలు దూర్చి నేర్చుకున్న విద్య. పెళ్ళిచూపుల్లో సంగీతం వచ్చా, కుట్లు వచ్చా అని అడిగారు గానీ ఈ ముక్క ఎవరూ అడగలేదు.

ఒక్కటే షరతు. "గుట్ట వెనకే ఆగు. యూనిట్ వాళ్ళ కంటబడకు. నేనే వచ్చి తీసుకుంటా." నిర్మాత తిని, ఖాళీ క్యారియర్ వెనక్కొచ్చేదాకా అక్కడే నిలబడాలి. మొదట్లో నిలబడింది. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే, భర్త గుట్ట అవతల నవ్వుతున్న నవ్వు వింటూ నిలబడింది. ఇంట్లో ఎప్పుడూ వినని నవ్వు అది. ఒకరోజు విసుగుపుట్టి సైకిల్ ఇంకోవైపు తిప్పింది. బండల సందులో ఎర్రటి మొరం బాట. గరుకు మట్టి, గులకరాళ్ళు. చక్రం కింద అవి కరకరమంటుంటే ఎవరో తన కోసం మరమరాలు నముల్తున్నట్టనిపించింది. ఆ బాట ఇంకో బాటలో కలిసింది, అది ఇంకోదాంట్లో. షేక్‌పేట వైపు దిగేదొకటి, బోరబండ వైపు పాకేదొకటి, సీతాఫలం చెట్ల మధ్య దారి తప్పి మళ్ళీ తనే దొరికేదొకటి. వానల్లో అవి బురద, ఎండల్లో పెనం. చలికాలం ఒక్కటే అవి తొక్కేవాళ్ళకి లొంగేవి. అందుకే లోకమంతా చలి ఎప్పుడు పోతుందా అని చూస్తుంటే అమ్మాజీ మాత్రం అది ఎప్పుడొస్తుందా అని చూసేది. ఏటా కొత్త బాటలు పట్టుకునేది. బండలకి పేర్లు పెట్టేది. మూతి ముడుచుకుని కూర్చున్న ఓ పెద్ద బండకి అత్తగారి పేరు పెట్టి, దాని పక్కనించి పోయినప్పుడల్లా గంట కొట్టేది. ఆ కాసేపూ ఆమె ఎవరి ఆవిడా కాదు, ఎవరి కోడలూ కాదు. పొద్దంతా చేసే చాకిరీలో తనకంటూ మిగిలింది ఆ కాసేపే. అది కూడా దొంగిలించుకున్నదే.

దొంగతనానికి అబద్ధం కావాలిగా! "ఇంతసేపేంటే?" అని జగదాంబ గుమ్మంలోనే పట్టుకునేది. సైకిల్ తొక్కుకుంటూ తిరిగానంటే ఆ రోజుతో సైకిల్ ఆఖరు. అందుకని అమ్మాజీ కథలల్లేది. ఓరోజు నెమళ్ళ పెళ్ళి ఊరేగింపు అడ్డమొచ్చింది. ఓరోజు చిరుతపులి బాట మధ్య పడుకుని ఎంత గంట కొట్టినా పక్కకి జరగలేదు. ఓరోజైతే ఎలుగుబంటి క్యారియర్ మూత తీసి కొబ్బరి పచ్చడంతా నాకేసింది.

"మొత్తం నాకేసిందా?" అంది జగదాంబ గుండెల మీద చెయ్యేసుకుని.

"గిన్నె కడిగినట్టు నాకేసిందత్తయ్యా."

"నయమే. మావాడైతే ఉప్పు చాల్లేదని గిన్నె విసిరేసేవాడు."

సాయంత్రానికి ఆ ఎలుగుబంటి వీధంతా తిరిగొచ్చేది. పంపు దగ్గర జగదాంబ చెప్తుంటే దానికి ఇంకో ఎలుగుబంటి తోడయ్యేది కూడా.

మూడో ఏడు పుష్యమాసంలో డైరెక్టర్ గారికి ఒక కోరిక పుట్టింది. కెమెరా కన్ను పడని బాట కావాలి, మంచు పట్టి ఉండాలి, హీరోయిన్ సైకిల్ మీద అందులో కలిసిపోవాలి. సుబ్రహ్మణ్యం ఇంట్లో తల పట్టుకుని కూర్చుంటే అన్నం వడ్డిస్తూ అమ్మాజీ, "రెండు బండల మధ్య ఓ బాట, దాని పక్కనే నీటిగుంట ఉందండీ. పొద్దున పూట అక్కడ మంచు లేవదు, కూర్చుని ఉంటుంది" అనేసింది. అన్నాక నాలిక కరుచుకుంది. ఆయన అడగలేదు, నీకెట్లా తెలుసని. చారు పొయ్యమన్నాడు. మర్నాడు ఆఫీసులో, "మూడు చలికాలాలు గుట్టలన్నీ గాలించి పట్టానండీ ఆ బాట" అని చెప్పొచ్చాడు. దారి మాత్రం తెలీదు. "నువ్వు ముందు సైకిల్ మీద పద, మా వ్యాన్ వెనకొస్తది" అన్నాడు.

ఆ తెల్లారి ఆమె ముందు, యూనిట్ వెనక. అమ్మవారి ఊరేగింపులా ఉందనుకుని లోలోపల నవ్వుకుంది అమ్మాజీ. వ్యాన్ దిగిన డైరెక్టర్ గారు బాట పొడుగునా నడిచి చూసొచ్చాడు. తర్వాత అడిగాడు.

"ఎవరయ్యా ఈవిడ?"

సుబ్రహ్మణ్యం మఫ్లర్ సర్దుకున్నాడు. "మా ఇంట్లో పనిమనిషండి. టిఫిన్ తెస్తది."

అమ్మాజీ చేతిలో క్యారియర్ వేడిగానే ఉంది. మెడలో ఆయన కట్టిన సూత్రాలు మాత్రం చల్లగా తగిలాయి.

"ఓహో. ఇడ్లీలు మీ ఆవిడ చేస్తే మోసేది ఈవిడన్నమాట" అన్నాడు కాశీవిశ్వనాథం గారు.

"అవునండీ."

ఒక్క పెళ్ళికి ఇద్దరు ఆడవాళ్ళయిపోయింది అమ్మాజీ. ఒకరు ఇంట్లో ఉడకబెట్టేది, ఇంకొకరు బయట మోసేది. జీతం మాత్రం ఇద్దరికీ లేదు.

హీరోయిన్‌కి సైకిల్ రాదు. దూరం షాట్ కాబట్టి ఎవరైనా సరిపోతారు. ఆ రోజుల్లో సినిమా వాళ్ళ ఆచారం ఏంటంటే, ఆడవాళ్ళ ఫీట్లు కూడా మగాళ్ళే చేసేవాళ్ళు, ఆడదానికి చేతకాదని. ఓదెలు అనే ఫైటర్‌కి పసుపుపచ్చ చీర కట్టి, సవరం జడ పెట్టి, పూలు తురిమి సైకిలెక్కించారు. ఓదెలు అటు కదిలాడో లేదో చీర గొలుసులో పడింది, చక్రం గులకలో జారింది. సైకిల్ ఒక పక్కకి, జడ ఒక పక్కకి, ఓదెలు నీటిగుంటలోకి.

"అమ్మో సచ్చిన్రా నాయనా!" అన్నాడు ఓదెలు నీళ్ళలోంచి. అమ్మాజీ వెళ్ళి చెయ్యి అందించింది. "ఏం బాట అక్కా ఇది! రోజూ గీ రాళ్ళల్లనే తొక్కుతవా నువ్వు?"

"రోజూనే."

"సార్, ఈ అక్కకే కట్టున్రి చీర. నాకు పైసలియ్యకున్నా మంచిదే, పానం దక్కింది."

"వద్దండీ, దానికి రాదు" అన్నాడు సుబ్రహ్మణ్యం గబుక్కున. డైరెక్టర్ గారు ఆయన్ని వింతగా చూశాడు. "ఇప్పుడే కదయ్యా మన ముందర తొక్కుకుంటూ వచ్చింది?"

హెయిర్‌డ్రెస్సర్ దుప్పటి అడ్డం పట్టుకుంటే అమ్మాజీ హీరోయిన్‌కని తెచ్చిన ఇంకో పసుపుపచ్చ చీర కట్టుకుంది. "చూడమ్మా, మొహం కనపడకూడదు. అసలు వెనక్కి తిరక్కు" అన్నాడు డైరెక్టర్ గారు. అదేం కష్టం, పెళ్ళయినప్పట్నించీ కనపడకుండా ఉండటమేగా నా పని అనుకుంది అమ్మాజీ. మొరం కరకరమంది. మంచు దారిచ్చి మళ్ళీ మూసుకుంది. కట్ అన్నారో ఏమో, ఆమెకి వినపడలేదు. మలుపు తిరిగాక కూడా ఇంకాస్త దూరం తొక్కింది.

తిరిగొస్తే డైరెక్టర్ గారు తన చేత్తో టీ ఇచ్చాడు. "పేరేంటమ్మా?" అమ్మాజీ భర్త వంక చూసింది. ఆయన బండ వంక చూస్తున్నాడు. ఒక్క మాట అంటాడేమోనని టీ చల్లారేదాకా చూసింది. "అమ్మాజీ అండి" అంది.

"మంచి మనిషిని పెట్టుకున్నావయ్యా సుబ్రహ్మణ్యం."

"అవునండీ" అన్నాడు ఆయన ఈసారి కూడా సిగ్గుపడకుండా.

సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే ఎగిరాడు. "పిలిస్తే మాత్రం ఎక్కేస్తావా? ఇప్పుడు నువ్వు నా పెళ్ళానివని తెలిస్తే నా పరువేం కావాలి?"

"పనిమనిషినని మీరు చెప్పినప్పుడు పోలేదా అది?"

"మరి ఏం చెప్పమంటావు? మా ఆవిడ మగాళ్ళ సైకిలేసుకుని గుట్టలెంట తిరుగుద్దని చెప్పనా?"

"వాడి బాధ వాడిది. సర్దుకుపోవాలి" అంది జగదాంబ వత్తులు చేసుకుంటూ.

"ఇంక నువ్వు రానక్కర్లా. టిఫిన్ నేనే స్కూటర్ మీద పట్టుకుపోతా. సైకిల్ ఆ ఓదెలుకిచ్చేస్తా రేపు." ఇడ్లీ మానెయ్యమనలేదు. మోసే మనిషిని తీసేసి, ఉడకబెట్టే మనిషిని ఉంచుకున్నాడు. మూడు చలికాలాల బాటలన్నీ, పేర్లు పెట్టిన బండలన్నీ, కాలికింద ఆ కరకరలన్నీ ఆ ఒక్క మాటతో చుట్టేసి అటక మీద పెట్టేశాడు. అమ్మాజీ అన్నం వార్చింది, అందరికీ పెట్టింది, గిన్నెలు తోమింది. నానబోసిన పప్పు మాత్రం రుబ్బలేదు.

తెల్లారి దుప్పట్లోంచి ఎప్పట్లాగే వినపడింది. "పచ్చడి గట్టిగా చెయ్యి." ఆవిరి రాలేదు. సుబ్రహ్మణ్యం ఆ ఇంట్లో మొదటిసారి తనంతట తను దుప్పటి తీసి చూశాడు. పొయ్యి వెలగలేదు. ఇడ్లీపాత్ర బోర్లించి ఉంది. అమ్మాజీ గుమ్మంలో కుచ్చిళ్ళు దోపుకుంటోంది.

"టిఫినేదే?"

"పనిమనిషి మానేసిందండీ."

"పొద్దున్నే ఏంటా వేళాకోళం? కాశీవిశ్వనాథం గారికి ఏం చెప్పను?"

"చెప్పడం మీకు తెలుసుగా" అంది. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

బయట సైకిల్ స్టాండ్ తీసిన చప్పుడుకి జగదాంబ లేచొచ్చింది. హ్యాండిల్‌కి క్యారియర్ లేదు. "చేతిలో గిన్నెలేకుండా ఎక్కడికే?"

"ఎక్కడికీ లేదత్తయ్యా. ఊరికే, తొక్కుకోవడానికి. నాకిష్టం."

జగదాంబ నోరు తెరుచుకుని చూసింది. నెమళ్ళ పెళ్ళిని నమ్మింది, చిరుతపులిని నమ్మింది, పచ్చడి నాకిన ఎలుగుబంటిని ఊరంతా చాటింది.

"కోతలు కొయ్యకే" అంది.