కోత లేని బ్యాంకు

నేను ఒక వేలిముద్ర మిషన్ని. వేలి గీతలు అందితే పచ్చలైటు వేసి బీప్ మంటాను. అందకపోతే ఎర్రలైటు వేస్తాను. నాకు తెలిసిన న్యాయం అంతే.

ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, మొదట పలాసలో ఒక రేషన్ డీలరు చేతిలో పడ్డాను. ముసలివాళ్లను ఎండలో నిలబెట్టి బియ్యం లేకుండా పంపేదాన్ని. తిట్లు మాత్రం డీలరే తినేవాడు. తర్వాత సెల్‌షాపు ఢిల్లేశు నన్ను సగం ధరకు కొన్నాడు. ఫోన్లో నడిచే బ్యాంకుకి ఖాతాలు తెరిపించడం అతని కొత్త బేరం.

అక్కడికే వచ్చింది హైమావతి, చంకలో కూతురుతో. మొగుడు పోయాక అత్త కన్నమ్మ పంచన ఉంటూ, జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి బతుకుతోంది. పిల్లకి చెవులు వినబడవు. ఇప్పుడే చెవి మిషను పెట్టిస్తే మాటలొస్తాయని, ఆలస్యమైతే రావని డాక్టరు చెప్పాడు. హైమ కూడబెడుతుంటే పాత బ్యాంకు కొరుక్కు తింటోంది. ఖాతాలో తక్కువుంటే కోత, కార్డుకి కోత, మెసేజీకీ కోత.

"ఈ బ్యాంకులో పైసా కోత నేదు వదినా," అన్నాడు ఢిల్లేశు.

హైమ నా మీద వేలు పెట్టింది. ఎర్రలైటు. పది వేళ్లూ మార్చి మార్చి పెట్టింది. పిక్కల తొక్కల్లోంచి కారే జీడి నూనె ఆ వేళ్ల మీద గీతలన్నీ తినేసింది. గీతల్లేని మనిషి నా లెక్కలో మనిషి కాదు.

"నీ ముద్దర అరిగిపోనాది. మీ అత్త వేలు పెట్టిద్దాం. ఒకింటోలే కదా," అన్నాడు ఢిల్లేశు.

పాత బ్యాంకులో హైమ సంతకం చెల్లేది. అయినా కోతకి భయపడి ఆ ఖాతా మూసేసింది. కన్నమ్మ వచ్చి తన పేరున ఖాతాకి వేలు పెట్టింది. పచ్చలైటు వేశాను.

ఆ రోజు నుంచి హైమ కూలి అంతా అందులోకే చేరేది. కన్నమ్మ ఒక్కతే షాపుకి వచ్చి వేలు పెట్టి తీసుకెళ్లేది, పెద్దకొడుకు ఆటో వాయిదాలకి. అడగడానికి నాకు నోరు లేదు. ఉన్నా అడిగేదాన్ని కాదేమో. వేలు ఆవిడదే.

చెవి మిషను కొనే రోజున హైమ పిల్లను చంకనెత్తుకుని, అత్తను వెంటబెట్టుకుని వచ్చింది. వేలు పెట్టించి చూస్తే ఖాతా ఖాళీ.

"ఏటత్తా ఇది?"

"కోత నేని బ్యాంకు కావాలన్నావు కదే. బ్యాంకోలు పైసా ముట్టుకోనేదు. ఇంట్లో ఖర్చయితే కోతంటావేటి? ఆడగుంటకి మిషనొకటి," అని కన్నమ్మ చీర దులుపుకుని లేచింది.

ఢిల్లేశు ఫోన్లోంచి తల ఎత్తలేదు.

పిల్ల తల్లి చంకలోంచి జారి బల్ల దగ్గరికొచ్చి నా అద్దం మీద వేలు పెట్టింది. ఎంత చక్కటి ముద్ర! ఒక్క గీత కూడా చెరగలేదు. పచ్చలైటు వేసి గట్టిగా బీప్ మన్నాను.

పిల్ల లైటు చూసి నవ్వింది. బీప్ వినలేదు.

ఇప్పుడు నేను పాతబడి, ఢిల్లేశు పాత సామాన్ల డబ్బాలో, పగిలిన ఛార్జర్ల మధ్య ఉన్నాను. ఆ పిల్ల రోజూ తల్లి కొంగు పట్టుకుని ఈ షాపు ముందు నుంచే జీడి ఫ్యాక్టరీకి వెళుతోంది. ఆ గీతలు ఇంకెన్నాళ్లుంటాయో.