ఎడమ పక్క

వీరరాఘవులుకి చిన్నప్పటినుంచీ ఒక సందేహం ఉంది. భద్రాచల రాముడి పటంలో సీతమ్మ స్వామి ఎడమ తొడమీద కూర్చుని ఉంటుంది. ఎదురుగా నిలబడి దణ్ణం పెట్టేవాడికి మాత్రం ఆమె కుడి పక్కన కనిపిస్తుంది. మరి తల్లి నిజంగా ఏ పక్కన ఉన్నట్టు? ఆరో తరగతిలో మాస్టారు లెఫ్ట్ అంటే ఎడమ అనీ, దానికి వ్యతిరేకం రైట్ అనీ చెప్పారు. ఎవరి లెఫ్టు అని అడిగినందుకు గంటసేపు నిలబెట్టారు.

ఈ ఉదయం పూజ ముగించి కళ్ళు తెరిచేసరికి ఎడమ లేదు.

గదికి కుడి గోడ ఉంది. రెండో గోడ ఉండవలసిన చోట ఏమీ లేదు, ఖాళీ కూడా లేదు. ఎడమ చెయ్యి కనపడదు గాని దురద పెడితే తెలుస్తుంది. గుమ్మం దగ్గర ఒక్క చెప్పే ఉంది. చిలకలపూడి గిల్టు కమ్మలను జతలు కట్టడం ఆయన పని. ఒకదాన్నొకటి చూసుకోవలసిన నెమలి కమ్మల్లో కుడి చెవివే పీటమీద మిగిలాయి. వాటిని జేబులో వేసుకుంటాడు.

నాంచారమ్మ కనపడదు. పెళ్ళయిన నాటినుంచీ నడిచినా, పడుకున్నా ఆమె భర్తకు ఎడమ పక్కనే. ఇప్పుడు అటునుంచి గొంతు మాత్రం వస్తుంది.

"కాఫీ చల్లారిపోతోందండీ."

అటు తిరుగుతాడు. ఆమె కూడా ఆయనతోపాటే తిరిగి మళ్ళీ ఎడమకే చేరుతుంది. మూడుసార్లు తిరిగాక, ప్రదక్షిణాలు గుళ్ళో చేసుకోండి, ఇంట్లో కాదు అని నవ్వుతుంది. ఆయనకు నవ్వు రాదు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా పక్కనున్న ముఖాన్ని గుర్తుచేసుకోబోతే జ్ఞాపకం ముక్కు దగ్గర ఆగిపోతుంది. ఎక్కడికి పోతుందిలే అని సరిగ్గా చూసుకోలేదు. సాయంత్రానికి ఈ గొంతు కూడా పోతే?

వీధికి కుడి పక్క ఇళ్ళే ఉన్నాయి. పొరుగింటి అరుగుమీద పళ్ళు తోముకుంటున్న పానకాలుకి సంగతి చెబుతాడు. పానకాలు ఆశ్చర్యపోడు. నిరుడు తన వెనకవైపు పోయిందట, భద్రాచలం బస్సులో దొరికిందట.

"పక్కలు పోయినోళ్ళందరికీ అదే బస్సు అన్నయ్యా. వదినగారిని వదలకుండా తీసుకెళ్ళు."

బస్సు వాకిట్లోకే వచ్చి ఉంది. లోపల కుడి వరస సీట్లు మాత్రమే ఉన్నాయి. ఇద్దరూ కూర్చుంటే గాని బండి కదలదని కండక్టరు మర్యాదగా చెబుతాడు. రాఘవులు అలవాటుగా కిటికీ పక్కకు జరుగుతాడు. ఎడమ పక్క సీటు కిర్రుమంటుంది.

"పోయినసారీ కిటికీ మీదే," అంటుంది నాంచారమ్మ మెల్లగా.

ఇరవై ఏడేళ్ళ కిందట ఇదే దారిలో, తల తిరుగుతుందని ఆయన కిటికీ దగ్గర కూర్చున్నాడు. వచ్చేటప్పుడు నువ్వు కూర్చుందువుగాని అన్నాడు. వచ్చేటప్పుడు కూడా తనే కూర్చుని, ఊచలకు తల ఆనించి బందరు దాకా నిద్రపోయాడు.

"ఇన్నేళ్ళూ ఎందుకడగలేదు నాంచారూ?"

"మీకు తల తిరుగుద్దిగా."

ఆయన లేచి నడవలోకి వస్తాడు. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళకు రాసుకుంటూ లోపలికి వెళతాయి. ఆమె సర్దుకున్న చప్పుడు విని, పక్కన కూర్చుంటాడు.

ఇప్పుడు ఆమె ఆయనకు కుడి పక్కన ఉంది.

ముందు చెవి వస్తుంది. ఆమె ఎడమ చెవి, కమ్మ లేకుండా బోసిగా. తరవాత చెంప, చెంపమీద ఆయన ఎన్నడూ చూడని చిన్న పుట్టుమచ్చ. తరవాత ముఖమంతా. స్వామి కూడా అప్పుడప్పుడూ కాస్త జరుగుతాడేమో అనుకుంటాడు.

"ఏంటండీ అట్లా చూస్తారు?"

"తల తిరుగుతోంది," అంటాడు.

రైట్ రైట్ అంటాడు కండక్టరు. నాంచారమ్మ అద్దం జరుపుతుంది. బయట వాళ్ళ వీధిలోని ఎడమ పక్క ఇళ్ళన్నీ బావులతో, దండేల మీది బట్టలతో బస్సు వెంట నడుస్తున్నాయి. అన్నిటికన్నా ముందు ఆయన ఎడమ చెప్పు నడుస్తుంది. చూరుల మీదినుంచి గిల్టు నెమళ్ళు లేస్తాయి. ఒకటి కిటికీలోంచి వచ్చి ఆమె బోసి చెవిలో వాలి, మెడ తిప్పి కూస్తుంది.

ఆయన జేబులోంచి గుప్పెడు నెమళ్ళు బదులు పలుకుతాయి.