తనఖా విడుదల

రికార్డు గది ఇనప తలుపు పొద్దుటిపూట ఒక పట్టాన తెరుచుకోదు. వెండెల్ ఫ్రీసన్ పిడి తిప్పి, భుజం ఆనించి, మోకాలితో ఒక్క తోపు తోశాడు. కీళ్ళు మూలిగాయి. లోపలి నుంచి పాత తోలు, బంక, చలికి బిగుసుకున్న కాగితాల వాసన వచ్చింది. దీపం వేసి, నిన్న సాయంత్రం ఎవరో చూసి వదిలేసిన దస్తావేజుల పుస్తకాన్ని రెండు చేతులతో ఎత్తి, పొట్టకు ఆనించుకుని, దాని అరలోకి తోశాడు. ఇలాంటివి మోసి మోసి అతని ఎడమ భుజం కిందికి జారింది. ఏ చొక్కా తొడిగినా ఆ వైపు వేలాడుతుంది.

బయట కాన్సాస్ మైదానం మీద మార్చి గాలి మొదలైంది. ఈ దస్తావేజుల ఆఫీసున్న కౌంటీ కోర్టు భవనం ముందు జెండా తాడు స్తంభానికి కొట్టుకుంటూ ఆగకుండా మోగుతోంది.

మొదట వచ్చినవాడు ఓర్విల్ గ్రాబర్. బూట్ల మట్టి గుమ్మంలో దులుపుకుని, టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

“మా మేనత్త పొలం కాగితం కావాలి.”

“పేరు చెప్పు, లేదా భూమి చెప్పు. రెంట్లో ఒకటి లేందే పుస్తకం కదలదు.”

“పేరంటే ఏ పేరు చెప్పను? ఆవిడ మూడుసార్లు పెళ్ళాడింది.”

“అయితే భూమి చెప్పు.”

“వాగు పక్కన. విరిగిన గాలిమర ఉంటుంది చూడు, అదే.”

“విరిగిన గాలిమరలన్నీ రాసుకుంటూ పోతే ఇంకో భవనం కట్టాల్సొచ్చేది ఓర్విల్.”

అంటూనే వెండెల్ పటం పరిచాడు. వాగు వెంట వేలు నడిపించి, ఒక చదరం మీద ఆపి, పుస్తకం తెచ్చాడు. ఓర్విల్ పెదవులు కదుపుతూ చదువుకున్నాడు.

“నాకెందుకని అడగవా?”

“అడగను. ఇవి జనం కాగితాలు. దొంగొచ్చినా చూపిస్తాను. నకలు కావాలంటే మాత్రం దొంగ కూడా రుసుము కట్టాలి.”

ఓర్విల్ నవ్వుకుంటూ వెళ్ళాడు. వెండెల్ పటం చుడుతుండగా తలుపు మళ్ళీ తెరుచుకుంది. గాలి ఒక్కసారి లోపలికొచ్చి బల్ల మీది కాగితాలను లేపింది. వాటిని అరచేత్తో అదిమిపట్టి, తలెత్తకుండానే అన్నాడు.

“పేరు చెప్పండి, లేదా భూమి చెప్పండి.”

“పెనర్,” అంది ఆడగొంతు.

అతని చెయ్యి కాగితాల మీదే ఉండిపోయింది. ఆ గొంతు అతను మరిచిపోయే అవకాశమే లేకపోయింది. రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి అరిజోనా నుంచి ఫోన్లో వినపడుతూనే ఉంది. తండ్రి పోయినప్పుడు పొలం దస్తావేజు నకలు అడిగింది. తమ్ముడు తన వాటా రాసిచ్చినప్పుడు అదీ అడిగింది. తల్లి మరణ ధ్రువపత్రం ఇచ్చే ఆఫీసు వేరే అయినా, ఎక్కడ అడగాలో కనుక్కోడానికి ఇతనికే చేసింది. ప్రతిసారీ “వెండెల్ ఉన్నాడా?” అని మొదలుపెట్టేది. అతను బయట ఉన్నా, సెలవులో ఉన్నా, మళ్ళీ చేస్తానని పెట్టేసేది.

మనిషిని చూసి మాత్రం ముప్ఫై ఏళ్ళు దాటింది. లవోన్ పెనర్ జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, పూర్తిగా తెల్లబడింది. ఎండకు మాడిన చర్మం. కుడికాలు కొంచెం ఈడుస్తోంది. కళ్ళు మాత్రం అవే, ఎదుటివాడు అబద్ధమాడబోతున్నాడని ముందే తెలిసినట్టుండే కళ్ళు.

“ముసలాడివయ్యావు,” అంది.

“నువ్వు కాలేదులే.”

“అబద్ధాలు బాగానే నేర్చావు.” చేతిసంచి బల్ల మీద పెట్టింది. “పొలం అమ్మేస్తున్నా వెండెల్. కొనేవాళ్ళు పక్క పొలంవాళ్ళే. అంతా కుదిరాక బయటపడింది, మా నాన్న దాన్ని విత్తనాలమ్మే లోయెన్ దగ్గర తనఖా పెట్టాడట, అది విడుదలైనట్టు ఎక్కడా లేదట. లోయెన్ ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. విడుదల పత్రం దొరక్కపోతే దావా వెయ్యాలంటున్నారు. నోటీసులు, పేపర్లో ప్రకటన, జూలై దాకా తేలదట. అన్నాళ్ళూ మా పిన్ని కూతురింట్లో పడుండాలి.”

జూలై దాకా. వెండెల్ ఆ మాటను లోపలే ఒకసారి అనుకుని చూశాడు.

“చూస్తాను. నువ్వలా కూర్చో.”

సూచికలో పెనర్ అన్న పేరు కింద వెతికాడు. ఆ ఏడు లేదు, తర్వాతి ఏడూ లేదు. లోయెన్ కింద తనఖా ఉంది, విడుదల లేదు. ఆ రోజుల్లో ఇక్కడ పనిచేసిన పాత గుమస్తా చేతిరాత గుర్తొచ్చింది. ఆయన పెద్ద అక్షరాలకు తోకలు పెట్టేవాడు. తర్వాత సూచికను తిరగరాసినవాళ్ళు పెనర్‌ను బెనర్ అని చదివి ఉండొచ్చు. సూచికలో బీ అక్షరం ఉన్న పేజీలు తీశాడు. ఉంది. పుస్తకం దించి పేజీ తెరిచాడు. పైకం పూర్తిగా ముట్టిందని, భూమి మీద ఇక ఏ హక్కూ లేదని లోయెన్ చేసిన సంతకం, చక్కగా, పచ్చిగా, నిన్న చేసినట్టుంది.

వెండెల్ తలుపు వైపు చూశాడు. గదిలో తనొక్కడే. ఈ పేజీ ఇక్కడుందని భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. పుస్తకం మూసి, వేలు తీసేశాడు.

బయటికొచ్చి, “ఇంకా చూడాలి. భోజనం వేళయింది,” అన్నాడు.

వయసులో చాలా చిన్నదైనా అతని పై అధికారి అయిన జెరిలిన్, ఎప్పుడూ డబ్బాలో తెచ్చుకున్నది ఇక్కడే తినే మనిషి కోటు తొడుక్కోవడం చూసింది. “నెమ్మదిగా రండి వెండెల్, నేనుంటాగా,” అంది.

ఎదురుగా ఉన్న హోటల్లో మాంసం, క్యాబేజీ కూరిన బన్నులు చెప్పారు. లవోన్ ఒకటి విరిచి ఆవిరి పోనిచ్చింది.

“మీ అమ్మ ఎప్పుడు పోయింది?”

“తొంభై దాటాక.”

“ఆ ఏడు గడవదన్నావు అప్పట్లో.”

“డాక్టరూ అదే అన్నాడు.”

ఆమె నవ్వలేదు. అతనూ నవ్వలేదు. ముప్ఫై ఏళ్ళ కింద, ఇద్దరూ కలిసి ఊరు విడిచి వెళ్ళాల్సిన సాయంత్రం, కోర్టు భవనం ఉత్తరం వైపు మెట్ల దగ్గర ఆమె కారు నిలిపి, ఇంజను ఆపకుండా కూర్చుంది. వెనక సీటు నిండా సామాను. అందులో అతని పెట్టె కూడా ఉంది. రికార్డు గదికి తాళం వేసి వస్తానని లోపలికి వెళ్ళాడు. వెళ్ళినవాడు అరల మధ్య నిలబడిపోయాడు. అమ్మ గుర్తొచ్చిందని తర్వాత తనకు తాను చెప్పుకున్నాడు గానీ, ఆ క్షణంలో ఏదీ గుర్తురాలేదు. కాళ్ళు కదల్లేదంతే. కారు వెళ్ళిపోయిన చప్పుడు విన్నాక బయటికొస్తే, పెట్టె మెట్ల మీద ఉంది.

“ఆ రోజు నేను లోపలికొచ్చాను, తెలుసా,” అంది లవోన్.

వెండెల్ చేతిలోది కంచంలో పెట్టేశాడు.

“అరల కింద నుంచి నీ బూట్లు కనిపించాయి. పిలుద్దామనుకున్నా. పిలిస్తే వచ్చేవాడివి. పిలిస్తే వచ్చేవాడు నాకెందుకులే అనిపించింది. పొగరెక్కువ నాకు అప్పుడు.”

“ఇప్పుడో?”

“ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు.”

అతను కిటికీలోంచి ఉత్తరం మెట్లను చూశాడు. ఇన్నేళ్ళూ ఆ గదిలో ఒంటరిగా ఉన్నాననే అనుకున్నాడు. అరకు అవతల ఆమె ఊపిరి బిగబట్టి నిలబడిందని తెలియదు. ఒక్క అడుగు పక్కకు వేసి ఉంటే కనిపించేది.

“పిలవాల్సింది,” అన్నాడు చివరికి.

“అవును,” అంది ఆమె, మామూలుగా. కాసేపటికి, గ్లాసులోకి చూస్తూ, “ఈ గాలి నాకిప్పుడు పడటంలేదు వెండెల్. రాత్రంతా కిటికీలు కొట్టుకున్నాయి. అరిజోనాలో మా పెరట్లో నారింజలు పండి రాలుతుంటాయి. మా ఇంటికి పోవాలనుంది,” అంది.

మా ఇంటికి అన్నప్పుడు ఆమె ముఖం వదులైంది. అంతవరకూ ఎంత బిగబట్టుకుని కూర్చుందో అతనికి అప్పుడు తెలిసింది.

“పత్రం దొరికింది,” అన్నాడు. “పొద్దున్నే దొరికింది.”

ఆమె తలెత్తి చూసింది. “మరి చెప్పలేదేం?”

“కలిసి భోంచేద్దామని.”

లవోన్ తన గ్లాసు పక్కకు జరిపింది. అతని కంచంలో మిగిలిన బన్ను వైపు చూసి, “అయితే తిను మరి,” అంది.

రికార్డు గదిలో ఏటవాలు బల్ల మీద అతను పుస్తకం తెరిచాడు. ఇద్దరూ భుజాలు తగిలేంత దగ్గరగా నిలబడి చదివారు. తండ్రి పేరు వచ్చిన చోట ఆమె వేలు ఆగింది.

“బెనరంట. ఈ మాట వింటే నాన్న కొట్టేవాడు.”

నకలు తీశాడు. ధ్రువీకరణ రాసి సంతకం పెట్టాడు.

“ముద్ర వేశావా?” అంది. “ఓసారి ముద్ర లేకుండా పంపావు. మళ్ళీ ఫోన్ చెయ్యాల్సొచ్చింది.”

“మర్చిపోయానప్పుడు.”

“నువ్వా, మర్చిపోవడం?” అంది. అతను చెవులదాకా ఎర్రబడ్డాడు.  అతను ముద్ర యంత్రం పిడిని రెండు చేతులతో అదిమాడు. కాగితం మీద వలయం ఉబ్బెత్తుగా లేచింది.

లవోన్ కారు తాళం చెవుల కోసం సంచిలోవన్నీ ఏటవాలు బల్ల మీదికి తీసింది. మాత్రల సీసా, కళ్ళజోడు, జేబురుమాలు, దారి పటం, ఇంకేవో. తాళం చెవులు కోటు జేబులోనే ఉన్నాయి. గబగబా అన్నీ సంచిలో వేసుకుని, నకలును జాగ్రత్తగా మడిచి పైన పెట్టుకుంది. తలుపు దగ్గర ఆగింది.

“వెళ్ళొస్తా వెండెల్.”

“మంచిది. సాయంత్రానికి గాలి పెరుగుతుంది, నెమ్మదిగా నడుపు.”

ఇక ఆమెకు ఈ కౌంటీలో అడగాల్సిన కాగితమేదీ లేదు.  అతను ఆమె వెంట ఉత్తరం మెట్ల దాకా వెళ్ళి, కారు పెద్దరోడ్డెక్కి ధాన్యం గోదాముల వెనక కనపడకుండా పోయేదాకా గాలిలో నిలబడ్డాడు.

లోపల జెరిలిన్ అతని ముఖం చూసి, “ఇవాళ్టికి మూసేద్దామా?” అంది.

“పుస్తకం సర్దాలి,” అన్నాడు.

రికార్డు గదిలో దీపం వెలుగుతూనే ఉంది. పుస్తకాన్ని అరలో పెట్టి తిరిగి చూశాడు. ఏటవాలు బల్ల కింది అంచున, పుస్తకాలు జారిపోకుండా కొట్టిన చెక్కపట్టీకి ఆనుకుని, ఒక నారింజపండు ఆగి ఉంది. చిన్న తొడిమె, దానికి ఇంకా వాడని రెండాకులు.