ముందు బండి

నేను భూగోళశాస్త్రంలో డిగ్రీ చేశానంటే అప్పటిదాకా ఎవరూ "అబ్బో" అనలేదు. పెళ్ళయిన ఆరో వారంలో మా ఆయన స్నేహితులిద్దరూ అన్నారు. ఒకాయన వర్క్‌షాపు నడిపే మెకానిక్, ఇంకొకాయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. ముగ్గురూ మూడు మోటార్‌సైకిళ్ళ మీద కొండ దాటి అవతలి సరస్సు దాకా వెళ్ళాలని ప్లాను. దారి గీసే పని నాకు అప్పగించారు. వారం రోజులు భోజనాల బల్ల నిండా మ్యాపు పరిచేశాను. కంచాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నాం. నాకు అదీ సరదాగానే ఉండేది. మామూలు రోడ్డు వదిలేసి కొండ అంచునే పోయే పాత దారి పట్టుకున్నాను. ఒక పక్క అడవి, ఒక పక్క లోయ, ఇరవై మూడు మలుపులు. ఏ మలుపు దగ్గర ఏం కనిపిస్తుందో రంగు పెన్సిళ్ళతో రాశాను.

"చెల్లెమ్మా, నువ్వు గీస్తుంటే ఇక్కడికే చల్లగాలి తగుల్తోంది," అన్నాడు మెకానిక్. ఆ మాట రెండు రోజులు నెమరేసుకున్నాను.

ఆ ముగ్గురికీ కాలేజీ రోజుల నుంచి ఒక పద్ధతి ఉంది. ముందు బండి ఎప్పుడూ మా ఆయనదే. దారిలో ఫోన్లు ముట్టుకోరు. హారన్లతోనే మాట్లాడుకుంటారు. ఒకసారి కొడితే నెమ్మది. రెండుసార్లయితే వెనక పెద్ద బండి వస్తోంది, పక్కకి జరుగు. మూడుసార్లు కొడితే ఉన్నపళంగా ఆగు.

శనివారం పొద్దున్న రిహార్సల్ అంటూ ఊరి బయట రోడ్డెక్కాం. నేను మా ఆయన వెనక కూర్చున్నాను. మా వెనక మెకానిక్ బండి. గాలికి నా స్కార్ఫు ముడి జారి, ఒక కొస చక్రం వైపు వేలాడుతోందని నాకు తెలీదు. మెకానిక్ చూసి మూడుసార్లు హారన్ కొట్టాడు. మళ్ళీ మూడుసార్లు. నాకు గుండెలదిరేలా వినిపించింది. మా బండి ఆగలేదు, వేగమైనా తగ్గలేదు. నేను భుజం మీద గట్టిగా చరిస్తే అప్పుడు ఆపాడు.

"ఏరా పెళ్ళికొడకా, ఏ లోకంలో ఉన్నావ్?" మెకానిక్ బండి దిగొచ్చి నా స్కార్ఫు కొస ఎత్తి చూపించాడు.

"గాలిరా. హెల్మెట్లో ఒకటే హోరు," అని నవ్వేశాడు మా ఆయన.

నేనూ హెల్మెట్ పెట్టుకునే ఉన్నాను. నాకూ అదే గాలి.

ఇంటికొచ్చి స్కార్ఫు మడతపెడుతుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బస్సులో, సినిమా హాల్లో, సాయంత్రం నడకలో ఆయన ఎప్పుడూ నాకు ఎడమ పక్కనే ఉంటాడు. నేను పొరపాటున అటు మారితే చుట్టూ తిరిగొచ్చి మరీ మళ్ళీ ఆ పక్కకే చేరతాడు. గుండె ఉన్న వైపు కదా అని మురిసిపోయి, అక్కకి ఫోన్ చేసి డప్పు కొట్టుకున్నాను కూడా.

ఆయన వంటింట్లో టమాటాలు తరుగుతున్నాడు. ఆయనకి ఎడమ వైపు వెళ్ళి మెల్లగా పిలిచాను. తరగడం ఆపలేదు. ఇంకొంచెం గట్టిగా పిలిచాను. కత్తి టకటకలాడుతూనే ఉంది.

చెయ్యి పట్టుకుని ఆపాను. "ఎన్నాళ్ళ నుంచి?"

ఏమిటని అడగలేదు. కత్తి పక్కన పెట్టి, టమాటాలకేసి చూస్తూ చెప్పాడు. ప్రింటింగ్ ప్రెస్సులో ఏడేళ్ళుగా మిషన్ల పక్కనే పని. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం. మా పెళ్ళికి నాలుగు నెలల ముందే డాక్టరు తేల్చేశాడట.

"ముందేనా? మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే కాదంటావేమోనని."

"అవునంటానో కాదంటానో, ఆ మాట అనాల్సింది నేను కదా?"

తరిగిన ముక్కలు గిన్నెలోకి తోశాడు. "ఈ ఒక్క ట్రిప్పూ కానీ," అన్నాడు. "పదేళ్ళుగా ముందు బండి నాది. వచ్చాక వాళ్ళకి నా నోటితో నేనే చెప్పుకుంటా. నువ్వు మాత్రం చెప్పకు. నా మీద ఒట్టు."

తలూపాను. ఊపకుండా ఉండాల్సింది.

ఆదివారం పొద్దున్నే ట్రిప్పు సంగతులు ఖాయం చేసుకోవడానికి స్నేహితులిద్దరూ దిగారు. నేను అంత ముద్దుగా గీసుకున్న దారిని నేనే చెడగొట్టాలని అప్పటికి తీర్మానించుకున్నాను. హారన్ వినిపించకపోయినా కొంప మునగని రోడ్డు కావాలి.

"కొండ దారి వద్దండీ," అన్నాను. "వాలు నేను సరిగ్గా చూసుకోలేదు. కాలువ పక్క రోడ్డున పోదాం."

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "వదినగారూ, అది రూళ్ళకర్ర పెట్టి గీసినట్టుంటుంది. వారమంతా బోర్డు మీద నేను గీసేది అదే. సెలవు రోజు కూడా అదేనా?"

"వాలూ లేదు, వంకాయా లేదు. పోయిన నెలే ఆ దారిలో వెళ్ళొచ్చా," అన్నాడు మెకానిక్. "నిన్నటి స్కార్ఫు దడ ఇంకా తగ్గలేదు పాపం. ఒరేయ్, చెల్లెమ్మని పుట్టింట్లో దింపేసి రారా."

ముగ్గురూ నవ్వారు. మూడో నవ్వు మా ఆయనది. నా చాటున దాక్కుంటే దాక్కున్నాడు, పైగా నవ్వుతాడా!

"అవును, నాకు భయమే," అన్నాను.

"భయమెందుకమ్మా? మా ఆవిడ కూడా వస్తోంది," అన్నాడు మెకానిక్. "మా పెళ్ళయిన ఆరేళ్ళలో మొదటిసారి ఒప్పుకుంది, అదీ నువ్వు గీసిన దారి చూసే. రెండో బండి మాది. వీడు ఆగితే ఆగుతాం, వీడు పోతే పోతాం. వీడి వెనకైతే కళ్ళు మూసుకుని పోవచ్చు."

మా ఆయన నవ్వు ఆగిపోయింది.

ప్రతి ట్రిప్పుకీ మ్యాపు మూల బండ్ల వరస రాసేది ముందు బండివాడే. ఒట్టేశాను కాబట్టి నేను నోరు విప్పలేదు. పెన్సిలు తెచ్చి ఆయన చేతిలో పెట్టి, కుడి పక్కన నిలబడి స్పష్టంగా చెప్పాను. "వరస రాయి. ఏ బండి మీద ఎవరెవరో అంతా రాయి. రెండో బండి వెనక కూర్చునే వదినని కూడా."

ఒకటి వేసి పక్కన 'నేను' అని రాశాడు. రెండు వేశాడు. పెన్సిలు అక్కడే నిలబడిపోయింది.

"ఏంట్రా, రెండు తర్వాత మర్చిపోయావా?" అన్నాడు మాస్టారు.

మా ఆయన 'నేను' కొట్టేశాడు. "ముందు నువ్వెళ్ళరా," అన్నాడు మెకానిక్‌తో. "నేను మధ్యలో వస్తా. నీ బ్రేకు లైటు చూసి ఆగుతా."

"అదేంటి?"

"నిన్న నీ హారన్ నాకు వినపడలేదు. గాలీ లేదు, గీలీ లేదు. నాకు చెవులు పోయాయిరా."

మాస్టారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నెల రోజులుగా నీ బండి చెయిన్ కీచుమంటోంది," అన్నాడు మెకానిక్. "బద్ధకం వెధవ, నూనె కూడా వేసుకోడని తిట్టుకున్నా." మ్యాపు తన వైపు లాక్కుని ఒకటి పక్కన తన పేరు రాశాడు, కాగితం చిరిగేంత గట్టిగా. "మా ఆవిణ్ణి ఎక్కించుకుని నీ వెనక వచ్చేవాణ్ణిరా!" అని లేచి వెళ్ళిపోయాడు. పోసిన టీ పోసినట్టే ఉంది.

"వాడి కోపం సోడా పొంగు. ట్రిప్పు మానడులే," అని గొణిగి, మాస్టారు కూడా చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

మేమిద్దరం చెరో అంచూ పట్టుకుని మ్యాపు మడతపెట్టాం. ఒక్కో మడతకీ ఒకరికొకరం దగ్గరవుతాం. వారమంతా నాకు ఆ పని ఎంతో ఇష్టంగా ఉండేది. ఒట్టు నేను తప్పలేదు. అయినా ఆయన నా మొహం చూడట్లేదు.

"నాకు చెప్పనిది ఇంకేమన్నా ఉందా?" అని అడిగాను.

ఆయన అంచులు సరిచేస్తున్నాడు. వినపడలేదేమోనని దగ్గరికి జరిగి మళ్ళీ అడిగాను.

"వినపడింది," అన్నాడు.