వేలికి చుట్టిన దారం

పక్షవాతమొచ్చి కుడిచేతికి స్పర్శ పోయినాక హబీబుల్లా చేపల ఊసే ఎత్తలేదు. ఎట్టాగైనా మనిషిని కాలవ దాకా కదిలించాలని పెళ్లాం నిఖత్ తనే మాచర్లలో గాలాల కొట్టుకెళ్లింది.

“రీలున్న కర్ర తీసుకో చెల్లెమ్మా,” అన్నాడు కొట్టు పున్నారావు.

“అంత డబ్బుంటే చేపలే కొననా అన్నా? గాలం, నైలాన్ దారం, సీసం గుండు ఇయ్యి, చాలు.”

కాలవగట్టున మొగుణ్ణి కూర్చోబెట్టి, గాలానికి ఎర గుచ్చి నీళ్లలోకి విసిరింది. దారం కొస చూపుడువేలికి చుట్టుకుని కూర్చోవడం మొదట్నుంచీ అతని పద్ధతి. చేప ముడితే ముందు వేలికే తెలియాలంటాడు. ఇప్పుడూ ఎడంచేత్తో కుడిచెయ్యి ఎత్తి ఆమె ముందు పెట్టాడు. కాదనలేక ఆ వేలికే చుట్టింది.

కాసేపటికి దారం బిగిసింది. వేలు గుంజుకుపోతోంది.

హబీబుల్లా నీళ్లకేసే చూస్తూ, “ఇయ్యాల ఒక్క చేపా ముట్టట్లేదేందే?” అన్నాడు.