చుక్కలో ఒక్క అణువూ లేదు

ఆ ఆదివారం ఆస్ట్రేలియాలోని టూవూంబాలో, వీణ ఇంటి పెరట్లో బార్బీ, అంటే బార్బెక్యూ విందు. యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పే భానుశ్రీ ప్లేటు పట్టుకుని కూర్చుందో లేదో, వీణ కూతురు లిఖిత గుండెల్లో పిల్లికూతలు వినిపించాయి. ఏడేళ్ళ పిల్ల. ఆస్తమా.

"పఫర్ ఏదే? దాని ఇన్‌హేలర్?" అంది భానుశ్రీ.

వీణ నసిగింది. "ఆపేసి రెండు వారాలైంది. చలపతి అంకుల్ చుక్కల మందిచ్చారు. పఫర్ వాడితే అది పనిచేయదన్నారు."

భానుశ్రీ గట్టిగా కసిరి పఫర్ తెప్పించి, దగ్గరుండి పట్టించింది. కాసేపటికి పిల్ల తేరుకుని, "ఐయామ్ ఓకే, ఆంటీ" అంది.

ఇంట్లోనే చుక్కల మందు చేసి అమ్మే చలపతి కూడా ఆ విందుకొచ్చాడు. కుర్చీలోంచి లేవలేదు. ఎముక చీకుతూ, "రోగం పోయేముందు ఒకసారి అలా పెరుగుద్దమ్మా" అన్నాడు. అతని గడ్డం మీద నూనె కారుతోంది.

"ఆ చుక్కల్లో ఏముంది అంకుల్?"

"మూలిక సారం. ఒక గ్రాము నీళ్ళలో కలుపుతా. అందులో నూరో వంతు తీసి మళ్ళీ నీళ్ళలో. అలా ముప్ఫైసార్లు. కలిపేకొద్దీ పవరు."

ఆ సారం పేరు చెప్పించుకుని, ఖాళీ పేపర్ ప్లేటొకటి వెనక్కి తిప్పి, పెన్ను తీసి లెక్క రాస్తూ చెప్పిందామె.

"దీని అణుభారం నూట ఎనభై. గ్రామును నూట ఎనభైతో భాగిస్తే మోల్స్. వాటిని అవొగాడ్రో సంఖ్యతో గుణిస్తే అణువులు. సుమారుగా మూడు పక్కన ఇరవై ఒక్క సున్నాలు. మీరు కలిపిన ప్రతిసారీ రెండు సున్నాలు పోతాయి. పదోసారికి మిగిలేవి ముప్ఫై అణువులు. పదకొండోసారికి ఒక్కటీ ఉండదు. మిగతా పందొమ్మిదిసార్లు మీరు నీళ్ళలో నీళ్ళు కలిపారు."

వీణ ముఖం పాలిపోయింది.

చలపతి చెయ్యి తుడుచుకుని ఫోను తీశాడు. "గ్రాములో ఇన్ని అణువులా! లేబుల్ మీద వేయిస్తే అదిరిపోద్ది." ప్లేటు మీది లెక్కలో కింది వరుసలను బొటనవేలితో మూసి, పైదొక్కటే ఫోటో తీసుకున్నాడు.

పాపం, తెలియక చేశాడేమోనని అప్పటిదాకా భానుశ్రీకి ఏ మూలో ఉంది. ఆ వేలు చూశాక అసహ్యంతో ఒళ్ళు జలదరించింది. ఏది మూయాలో తెలిసినవాడికి అన్నీ తెలుసు.

వీణ లోపలికెళ్ళి సీసా తెచ్చి, అతని ఎదుటే గడ్డిలో ఒంపేసింది. "ఇంక మా ఇంటికి రావద్దు అంకుల్."

అతను తాపీగా లేచాడు. "సరేలే. ఆ మిగిలిన చికెన్ కాస్త ప్యాక్ చేయమ్మా."

వీణ వెళ్ళి గేటు తెరిచి పట్టుకుంది. భానుశ్రీ తన ప్లేటు తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేసింది. ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు.