పొద్దుటి చెయ్యి

ధనపాల్ గోడలు పూసే తాపీ మేస్త్రి. గుడియాత్తంలో మేడల మీద మేడలు లేస్తావుండిన కాలం అది, ఎస్టీడీ బూతు లేని సందు లేదు, చేతిలో తాపీ ఉన్నోడికి నెల పొడుగునా పనే. అట్లాంటి మనిషి ఆ పొద్దు వేలూరు పెద్దాసుపత్రిలో డాక్టరు ముందర భయపడతా కూర్చోనుండాడు. ఒక పక్క పదహైదేండ్ల కూతురు ఆర్తి. ఇంకో పక్క బావమరిది చెంగల్రాయలు. ఆసుపత్రి దారులు తెలిసినోడని తోడొచ్చినాడు గానీ, ధనపాల్‌కి పని ఇచ్చే పెద్ద మేస్త్రి గూడా ఆయనే. అదీ భయం.

ఆర్తికి రెండేండ్లుగా ఫిట్సు. ఊళ్లో మూడు రకాల మందులు మింగినా తగ్గలేదు సరిగదా, ఇంకా ఎక్కువైనాయి. పోయిన వారం కిరసనాయిలు స్టౌ ముందర పడింది, జుట్టు కొసలు కాలి బయటపడింది. ఇంకోసారి అట్ల పడితే? అది తలుచుకుంటే ధనపాల్‌కి ముద్ద దిగడంల్యా.

డాక్టర్ ఇందుమతి మందులకి లొంగని ఫిట్సు మీద పరిశోధన చేస్తావుండాది. అది వంశాల్లో ఎట్ల దిగుతాదో చూసేదానికి పెద్ద కాగితం పరిచి, ఆడోళ్లకి సున్నా, మగోళ్లకి చదరం గీస్తాది. జబ్బున్నోళ్లని నల్లగా నింపుతాది.

"మీ యింట్లో ఇంకెవరికైనా ఉండాదా అప్పా?"

"ఎవరికీ లేదమ్మా."

"పొద్దున లేస్తానే చేతులు అదరడం? చేతిలోది ఎగిరిపోవడం?"

ధనపాల్ తల దించుకున్నాడు.

వాళ్లింట్లో పొద్దున్నే కాఫీ లోటా ఎవరూ చేతికియ్యరు, నేల మీద పెడతారు. వాళ్లమ్మ కస్తూరమ్మ పడుచు కాలంనించీ అంతే. చేతికిస్తే ఒక్క అదురు, లోటా పోయి గోడకి తగుల్తాది. 'పొద్దుటి చెయ్యి' అని నవ్వుకునేవాళ్లు. నవ్వుకోండి, ఎవరొద్దన్నారు, అది జబ్బేమో అని ఒక్కరికన్నా తోచొద్దా? ధనపాల్‌కీ అదే చెయ్యి, అయినా గట్టోడు. ఎండెక్కేదాకా కిందనే సిమెంటు కలుపుకుంటా, తొమ్మిదైతే గానీ గోడ పక్కన కట్టెలతో కట్టే సారం ఎక్కడు. ముప్పై అడుగుల ఎత్తున, ఆ సారం మీద చెయ్యదిరే మనిషిని ఏ మేస్త్రి నిలబెడతాడు?

లేదని చెప్పబోయినాడు. అంతలో ఆర్తి జుట్టు కొసలు కంటబడినాయి, ఎర్రగా ముడుచుకోని.

డాక్టరు వైపు తిరిగినాడు.

"నాకుండాది డాక్టరమ్మా. మా యమ్మకీ. ఈ బిడ్డకీ."

చెంగల్రాయలు తలెత్తి చూసినాడు. ధనపాల్ ఆ పక్కకి తిరగలేదు. పని పాయె అనుకున్నాడు.

"ఈ మాట ముందే ఎవరికైనా చెప్పుంటే మందే వేరుగా ఉండును," అనింది డాక్టరమ్మ. "బిడ్డ మింగే వాటిల్లో రెండు ఈ రకానికి పడవు, ఎక్కువ చేస్తాయి. ఇయ్యాళే మారుస్తాను. మీరూ మందు తినాల." రెండు సున్నాలూ, ఒక చదరమూ నల్లగా నింపి, పక్క చదరం మీద పెన్ను పెట్టింది. "మీ అన్న తిరువేంగడం చనిపోయినాడన్నారు గదా, ఎట్ల?"

"సారం మీంచి పడినాడు. తాగి."

"ఎన్ని గంటలకి?"

"ఆ పొద్దు స్లాబు పని. ఆరున్నరకే ఎక్కించి..."

ధనపాల్ ఆ గంట దగ్గరే ఆగినాడు. పొద్దుటి చెయ్యి అదిరే గంట అది.

చెంగల్రాయలు నేల చూస్తా మెల్లగా అన్నాడు. "వాడి నోటికాడ వాసన చూసింది నేనే బావా. ఏమీ లేదు. నేను కట్టించిన సారం సరిగ్గా లేదని నా మీదికి వస్తాదని, తాగినాడని చెప్పేసినా."

డాక్టరమ్మ చదరం నింపింది.

"ఆ కాగితం నకలు ఒకటి ఇయ్యండమ్మా," అన్నాడు ధనపాల్. "తాగి చచ్చినాడని మా యమ్మ పదేండ్లుగా మా అన్న ఫోటో గోడకి తగిలించనీలేదు."